రేస్‌ట్రాక్ ప్లాయా రోడ్డు: రావ్4తో వెళ్ళొచ్చా? అమ్మానాన్నని తీసుకెళ్ళొచ్చా?

సన్నీవేల్ నెల్లూరోడు:

అందరికీ నమస్కారం. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి నేనూ మా ఆవిడా కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ పార్కుకి వెళ్తున్నాం. అక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యం రేస్‌ట్రాక్ ప్లాయా. ఎండిన బురదనేల మీద రాళ్ళు వాటంతట అవే జరుగుతూ వెనక గీత వదిలిపోయిన చోటు. ఆ ఫొటో నా చేత్తో నేను తీసుకోవాలని కెమెరా కొన్నప్పట్నుంచీ కోరిక.

బండి టయోటా రావ్4, ఆల్ వీల్ డ్రైవ్. షోరూం నుంచి వచ్చిన టైర్లే, ఇంకా బాగానే ఉన్నాయి. పార్కు లోపలే ఉన్న స్టవ్‌పైప్ వెల్స్‌లో రెండు రాత్రులకి రూములు దొరికాయి. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరి, పొద్దుగుంకే వేళకి రాళ్ళ దగ్గర ఉండి, చీకటి పడ్డాక చుక్కల ఫొటోలు కూడా తీసుకుని, రాత్రికి రూముకి వచ్చేద్దామని అనుకుంటున్నా.

అసలు చిక్కు ఏమిటంటే, అమ్మానాన్న నెల్లూరు నుంచి వచ్చి ఉన్నారు. నాన్నకి అరవై ఆరు, గట్టిగానే ఉన్నారు. అమ్మకి నడుం నొప్పి. వాళ్ళని రూములో కూచోబెట్టి నేను ఫొటోలకి పోవడం నాకు మనసొప్పట్లేదు. ఆ రాళ్ళని వాళ్ళు కూడా చూడాలని నా ఆశ.

యూట్యూబ్‌లో కొందరు మామూలు కార్లలో వెళ్ళొచ్చామంటున్నారు, కొందరు జీపు లేకపోతే అడుగు పెట్టొద్దంటున్నారు. మా ఆఫీసులో ఒకాయన టైర్లలో గాలి 15 పీఎస్ఐకి దించెయ్యమన్నాడు. ఫోన్లో మ్యాపు చూస్తే పడమటి వైపు నుంచి కూడా ఒక దారి చూపిస్తోంది, అది దగ్గరిదారా? లెన్సులు 16-35, 24-70 ఉన్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.


కడప టు వేగస్:

తమ్ముడూ, నేనుండేది లాస్ వేగస్‌లో. చలికాలం వచ్చిందంటే సెలవు దొరికినప్పుడల్లా ఆ పార్కుకే పోతా. నీ ప్రశ్నకి ఒక ముక్కలో జవాబు లేదు. పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందుగా నీ ప్లాన్‌లోంచి ఆ రాత్రి తిరుగు ప్రయాణం తీసెయ్. యూబిహీబీ క్రేటర్ అనే పాత అగ్నిపర్వత బిలం దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి ప్లాయా దాకా 26 మైళ్ళు మట్టిరోడ్డు, రాళ్ళు జరిగిన దక్షిణం కొసకి ఇంకో రెండు మైళ్ళు. ఆ ముక్కకే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. స్టవ్‌పైప్ వెల్స్ నుంచి క్రేటర్‌కి గంట వేసుకో. అంటే పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. నవంబరు చివర్లో అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. చుక్కల ఫొటోలు తీసి ఎనిమిదికి బయల్దేరితే రూము చేరేసరికి పదకొండు. అదీ ఏ ఆటంకమూ లేకపోతే. దారిలో టైరు పోతే తెల్లారేదాకా ఇంకో బండి రాకపోవచ్చు. ఫోను పనిచెయ్యదు. ఎడారి చలి ఎముకల్లోకి దిగుతుంది. అమ్మ పక్కసీట్లో ఉండగా ఆ పరిస్థితి నీకు రాకూడదు.

ఇక రోడ్డు సంగతి. చాలామంది గుంతలకి భయపడతారు గానీ అక్కడ ఒళ్ళు హూనం చేసేది వాష్‌బోర్డ్. రోడ్డుకి అడ్డంగా వరసగా మట్టి అలలు లేచి ఉంటాయి, మైళ్ళ తరబడి, రేకుల కప్పు మీద బండి తోలినట్టు. చక్రాలు వేగంగా పోతూ ఎగిరి పడ్డ చోట మట్టి పక్కకి నెట్టుకుపోయి అలా తయారవుతుంది. గ్రేడర్‌తో చదును చేసినా బండ్లు తిరిగేకొద్దీ మళ్ళీ లేస్తుంది. కొందరు నలభై అయిదు మైళ్ళ వేగంతో పోతే అలల మీద తేలిపోవచ్చంటారు. కుదుపు తగ్గే మాట నిజమే. అయితే ఆ వేగంలో చక్రాలు సగం సేపు గాల్లోనే ఉంటాయి, బ్రేకూ స్టీరింగూ రెండూ సరిగ్గా పట్టవు. మలుపు తిరిగేసరికి ఎదురుగా బండి వస్తే ఏం చేస్తావు? నేను పదిహేను, ఇరవై దాటను. రాళ్ళు తేలిన చోట పది.

ఇప్పుడు టైర్లు. ఆ దారిలో ఆగిపోగా నేను చూసిన బండ్లు దాదాపు అన్నీ టైర్లు పోయే ఆగాయి. రోడ్డు ఎండి ఉన్నప్పుడు నాకు ఫోర్ వీల్ డ్రైవ్ వెయ్యాల్సిన అవసరం రాలేదు. కింద ఎత్తు కావాలి, నీ బండికి ఎనిమిది అంగుళాల పైన ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పోతే సరిపోతుంది. షోరూం టైర్లతోనే వస్తుంది చిక్కు. అవి తారు రోడ్డు కోసం చేసినవి. బండి మెత్తగా పోవాలి, పెట్రోలు కలిసి రావాలి కాబట్టి సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం, పల్చగా పెడతారు. అక్కడి రాళ్ళేమో కొండ నుంచి విరిగి పడ్డవి, ఏటి గుండ్రాళ్ళ మాదిరి అంచులు అరిగినవి కావు. నేలకి ఆనే ట్రెడ్‌కి రాయి గుచ్చుకుంటే ప్లగ్గు పెట్టి గాలి కొట్టుకుని రావచ్చు. సైడ్‌వాల్ చీలిందంటే దారిలో చేసేదేమీ లేదు, స్టెప్నీ ఎక్కించాల్సిందే. నీ రావ్4 లాంటి క్రాసోవర్లలో ఎక్కువగా ఇచ్చేది సన్న స్టెప్నీ. తారు రోడ్డు మీదే దాంతో 50 మైళ్ళ వేగం దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. అలాంటిది ఆ రాళ్ళ మీద ఇరవై మైళ్ళు బతికి బట్టకడుతుందని నేను చెప్పలేను. కొన్ని బండ్లలో అది కూడా ఉండదు, పంచరు మందు సీసా ఒకటి పెట్టి ఊరుకుంటారు. ఈ రోజే డిక్కీలో కార్పెట్ ఎత్తి నీకేం ఇచ్చారో చూసుకో.

పోయిన చలికాలం ఆ దారిలోనే టీకెటిల్ జంక్షన్ దాటాక ఒక జంట కనిపించారు, అద్దె ఎస్‌యూవీ. ఒక టైరు పోతే స్టెప్నీ వేసుకున్నారు, కాసేపటికి రెండోది పోయింది. మెత్తటి మట్టిలో జాకీ దిగబడిపోతోంది, కింద పెట్టడానికి పలక లేదు. వాళ్ళ దగ్గరున్న నీళ్ళు రెండు చిన్న సీసాలు. అద్దె కాగితాల్లో మట్టిరోడ్డు ఎక్కితే ఇన్సూరెన్స్ వర్తించదని రాసి ఉంది, చాలా కంపెనీల కాగితాల్లో అదే ఉంటుంది. టోయింగ్ బండి అంత దూరం రావాలంటే బిల్లు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఇద్దర్నీ నా బండిలో ఎక్కించుకుని స్టవ్‌పైప్ వెల్స్‌లో దించాను. ఆ అమ్మాయి దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అది చూశాక ఈ రోడ్డు గురించి ఎవరు అడిగినా ఇంత పొడుగూ చెప్తున్నా.

నువ్వు ఈ టైర్లతో పోవద్దనే నా మాట. యూట్యూబ్‌లో మామూలు కార్లతో పోయినవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ టైర్లు ఆ రోజు నిలిచాయి. మట్టికీ రాళ్ళకీ తట్టుకునే ఆల్ టెర్రైన్ టైర్లు, వీలైతే మూడు పొరల సైడ్‌వాల్ ఉన్నవి, వాటితో పాటు అదే సైజు పూర్తి స్టెప్నీ. ఇవి ఉంటే నీ రావ్4తో పోవచ్చు. ఒక్క ఫొటో కోసం అంత ఖర్చు దేనికి అనిపిస్తే పార్కులోనే ఫర్నెస్ క్రీక్‌లో ఈ రోడ్లకని గట్టి టైర్లు వేసి జీపులు అద్దెకిచ్చే చోటు ఉంది. సెలవుల్లో ముందే అయిపోతాయి, ఇప్పుడే అడుగు.

గాలి 15కి దించమన్నాయన ఇసుక సంగతి చెప్పుంటాడు. ఇది ఇసుక కాదు, రాయి. నేను తలుపు పక్కన స్టిక్కర్ మీదున్న దాంట్లో పావు వంతు తగ్గిస్తా. 35 ఉంటే 26 ప్రాంతానికి. టైరు కాస్త మెత్తబడి రాయి మీద వంగుతుంది, కుదుపు సగం పోయినట్టు ఉంటుంది. మరీ తగ్గిస్తే సైడ్‌వాల్ ఉబ్బి పక్క రాళ్ళకి అందుతుంది. పైగా తక్కువ గాలితో తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పాడవుతుంది. కాబట్టి డిక్కీలో 12 వోల్టుల కంప్రెసర్ ఉంటేనే గాలి తియ్, లేకపోతే ముట్టుకోవద్దు.

మ్యాపు చూపించే ఆ పడమటి దారి లిప్పిన్‌కాట్ రోడ్డు. సెలీన్ వ్యాలీ నుంచి నిటారుగా ఎక్కుతుంది, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురు బండి వస్తే వెనక్కి పోవడమే. ఆ రోడ్లకని తయారైన బండీ, అలవాటైన చెయ్యీ ఉన్నవాళ్ళకి. నువ్వు దానివైపు చూడకు. డెత్ వ్యాలీ లోపల ఫోన్ మ్యాపుల్ని నమ్మొద్దని పార్కువాళ్ళే చెప్తారు. కాగితం మ్యాపు ఒకటి కొనుక్కో, ఆఫ్‌లైన్ మ్యాపు కూడా దించుకో. ఐఫోన్ 14, ఆ తర్వాతివైతే ఆపదలో శాటిలైట్ ద్వారా కబురు పంపొచ్చు. లేకపోతే శాటిలైట్ మెసెంజర్ అద్దెకి తీసుకో.

పెట్రోలు స్టవ్‌పైప్ వెల్స్‌లోనో ఫర్నెస్ క్రీక్‌లోనో ఫుల్ చేసుకోవాలి, ఆ తర్వాత ఉత్తరం వైపు బంకు లేదు. ఫర్నెస్ క్రీక్ నుంచి రానూపోనూ దాదాపు 170 మైళ్ళు. నీళ్ళు మనిషికి రోజుకి ఒక గాలన్, నేనైతే రెండింతలు పెట్టుకుంటా.

ఇంత భయపెట్టాక ఆ చోటు గురించి కూడా చెప్పాలి కదా. దారి క్రేటర్ నుంచి ఎక్కుతూ పోతుంది, మధ్యలో జాషువా చెట్లు వస్తాయి. టీకెటిల్ జంక్షన్ దగ్గర బోర్డు నిండా జనం వేలాడదీసిన టీ కెటిళ్ళు ఉంటాయి, వాటి మీద ఊర్ల పేర్లూ తేదీలూ. ఇంకో ఆరు మైళ్ళు పోతే కింద ప్లాయా పరుచుకుని కనిపిస్తుంది. మూడు మైళ్ళ పొడుగు, పలక పెట్టి గీసినంత చదును. ఉత్తరాన నల్లటి రాళ్ళగుట్ట ఒకటి ఉంటుంది, గ్రాండ్‌స్టాండ్ అంటారు. జరిగిన రాళ్ళు అక్కడ వెతకొద్దు, అవి దక్షిణం కొసనున్న కొండ నుంచి రాలినవి. అక్కడ పార్కింగ్‌లో దిగి అర మైలు నడవాలి. వాటిలో 700 పౌన్ల బరువున్నవి కూడా ఉన్నాయి.

అవి ఎలా జరుగుతాయో చాలా ఏళ్ళు ఎవరూ కళ్ళారా చూడలేదు. స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో పరిశోధకుడు రిచర్డ్ నోరిస్, ఆయన బంధువు జేమ్స్ నోరిస్ కొన్ని రాళ్ళకి జీపీఎస్ అమర్చి కాచుకున్నారు. 2013 డిసెంబరులో వాళ్ళ కళ్ళముందే జరిగాయి. వానకి నిలిచిన పల్చటి నీరు రాత్రి గడ్డకట్టి, పగటి ఎండకి ఆ మంచు పెద్ద పెద్ద పలకలుగా విరుగుతుంది. మంచు మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లే. చిన్న గాలికి ఆ పలకలు కదిలి రాళ్ళని నెట్టుకుపోతాయి, కింద మెత్తటి బురదలో గీత పడుతుంది. నిమిషానికి రెండు మీటర్లో, అయిదో. దూరం నుంచి చూస్తే కదులుతున్నట్టే తెలియదు.

ఫొటోకి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ గీతల లోతు అంగుళం కూడా ఉండదు. నడినెత్తిన ఎండ ఉంటే గీత కనిపించనే కనిపించదు. వెలుగు పక్కనుంచి, నేలకి దగ్గరగా రావాలి. సాయంత్రం అనుకున్నావు కదా, పడమట ప్లాయాని ఆనుకునే యూబిహీబీ పీక్ ఉంది. పొద్దు ఆ కొండ చాటుకి పోతుంది, సూర్యాస్తమయానికి గంటకి పైగా ముందే ప్లాయా అంతా నీడ. నాలుగుకి చేరినవాడికి ఎండ దొరకదు. నీడ పడ్డాక ఆకాశం రంగులో తీసే ఫొటో వేరే అందం, దాన్ని తక్కువ చెయ్యను. కానీ నువ్వు మనసులో పెట్టుకున్న ఫొటో తెల్లవారిది. తూర్పు నుంచి వచ్చే ఎండ ముందు యూబిహీబీ పీక్ నెత్తిని ఎర్రగా చేసి, మెల్లగా కిందికి దిగి, గీతల అంచుల్ని పట్టుకుంటుంది. దానికి ముందురోజు పగలే వెళ్ళి, ప్లాయాకి దక్షిణాన ఉన్న హోమ్‌స్టేక్ డ్రై క్యాంపులో పడుకోవాలి. నీళ్ళు ఉండవు. ప్లాయా పక్కన గుడారం వెయ్యనివ్వరు.

16-35 చాలు. ట్రైపాడ్ కాళ్ళు విప్పి నేలకి ఆన్చు, గీతని మూలలోంచి రాయి దాకా నడిపించు. ఒక్కటే వేడుకుంటున్నా. నేల తడిగా ఉంటే అడుగు పెట్టకు. ఒక్క అడుగు పడితే ఏళ్ళ తరబడి చెరగదు. 2016లో ఎవరో ప్లాయా మీద బండి తిప్పారు, మైళ్ళ కొద్దీ చక్రాల జాడలు పడ్డాయి. కొన్నిచోట్ల గీత ఉంటుంది, దాని చివర రాయి ఉండదు. ఎత్తుకుపోయారు. అలాంటి గీత దగ్గర నిలబడితే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అమ్మానాన్న సంగతి: ఆ రోడ్డు మీద అమ్మని కూచోబెట్టొద్దు. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఆ నాలుగు గంటల వాష్‌బోర్డ్ శిక్ష.


సాల్ట్‌లేక్ గుంటూరమ్మాయి:

పైన అన్నగారు టైర్ల గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను మట్టి గురించి చెప్తాను, ఎందుకంటే మా ఉటాలో బండ్లు ఆగేది రాళ్ళకంటే బంకమట్టిలో.

కాపిటల్ రీఫ్ పార్కులో కథీడ్రల్ వ్యాలీ అని ఉంది. టెంపుల్ ఆఫ్ ద సన్, టెంపుల్ ఆఫ్ ద మూన్ అని చదును నేల మీద ఒంటరిగా నిలబడ్డ రెండు రాతి శిఖరాలు, పొద్దున్నే తీసిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. అక్కడి నేల బెంటొనైట్ అనే బంకమట్టి. ఎండినప్పుడు హాయిగా పోతుంది, వాన చినుకు పడితే చక్రానికి అంటుకుని గట్టిపడి, ట్రెడ్ అంతా నిండిపోయి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నా నిన్న ఎక్కడ వాన పడిందో తెలుసుకోకుండా బయల్దేరొద్దు. మొత్తం చుట్టూ తిరిగితే 58 మైళ్ళు, ఫ్రీమాంట్ నదిలో దిగి దాటాలి. ఆ రెండు శిఖరాల కోసమే అయితే నది దాటకుండా కేన్‌విల్ వాష్ రోడ్డులో పోయి అదే దారిన రావచ్చు. నేను ఎప్పుడూ అలాగే వెళ్తాను. డెత్ వ్యాలీలో కూడా మీరు వెళ్ళే వారం వాన పడితే ఆ ప్రయాణం మానుకోండి, బతిమాలుతున్నాను.

ఇంకోటి ఎవరూ చెప్పరు. వాష్‌బోర్డ్ అదురుడుకి కెమెరా సామానులో స్క్రూలు వదులవుతాయి. ట్రైపాడ్ హెడ్డు, ప్లేటు, లెన్సు మౌంటు, అన్నీ. బ్యాగు డిక్కీలో పెట్టకండి, సీటు మీద దిండు వేసి దాని మీద పెట్టి బెల్టు కట్టండి. అలెన్ కీలు జేబులో ఉంచుకోండి. దుమ్ము తలుపు సందుల్లోంచి కూడా వస్తుంది. లెన్సు మార్చేది ఉంటే బయల్దేరే ముందే మార్చి, బ్యాగుని ప్లాస్టిక్ సంచిలో కట్టెయ్యండి. చేరాక బండి ఆపి, దుమ్ము కిందికి దిగాకే తలుపు తెరవండి.

మా అత్తమామలు వచ్చినప్పుడు నాకూ మీకున్న దిగులే. పెద్దవాళ్ళకి కావలసింది మనతో కూచుని ఒక మంచి చోటు చూడటం. అది మన ఫొటోల జాబితాలో మొదటిది అవ్వక్కర్లేదు. మా మామయ్యగారు తారు రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని ఫ్యాక్టరీ బ్యూట్ కొండ మీద ఎండ మారడం చూస్తూ పూటంతా గడిపారు.


మస్కట్ సిరిసిల్ల:

గాలి 15 అన్న మాట ఎక్కడ్నుంచి వచ్చిందో నేను చెప్తా అన్నా. మేం ఒమన్‌ల వహీబా ఇసుకలకు పోయేటప్పుడు దించేది అంతే, 15 నుంచి 18. బిదియా దగ్గర టైర్ల కొట్లల్ల వాళ్ళే దించి పంపుతరు, వచ్చేటప్పుడు మళ్ళ కొట్టిస్తరు. ఇసుకల టైరు వెడల్పుగ పరుచుకోవాలె, లేకుంటే దిగబడుతది. దిగబడ్డదంటే ఆక్సిలేటర్ తొక్కొద్దు, తొక్కినకొద్దీ గొయ్యి తవ్వుకున్నట్టే. దిగి, చక్రాల ముందటి ఇసుక చేతులతోటి తీసి, గాలి ఇంకొంచెం తగ్గించి, వచ్చిన జాడలనే మెల్లగ రివర్స్ రావాలె. ఆపేటప్పుడు గూడ బ్రేకు కొట్టకుండ, దిగుడు మీద దానంతటది ఆగేటట్టు ఆపాలె.

రాళ్ళ మీద ఈ లెక్క పనికిరాదు. మా దగ్గర గూడ వాదీలల్ల, అంటే ఎండిన వాగులల్ల, గులకరాళ్ళ రోడ్లు ఉంటయి, ఆడ మేం అంత తగ్గించం. వేగస్ అన్న చెప్పిందే కరెక్ట్. ఇంకొక మాట, ఒక్క బండితోటి పోకండి. మేమైతే రెండో బండి లేకుండ ఇసుకల అడుగు పెట్టం.


సన్నీవేల్ నెల్లూరోడు:

అన్నా, అక్కా, మస్కట్ అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. కార్పెట్ ఎత్తి చూశాను, సన్న స్టెప్నీయే ఉంది. జీపు కోసం ఫోన్ చేస్తే ఆ వారం అంతా అయిపోయాయన్నారు. ఆల్ టెర్రైన్ టైర్లు కొనమంటే కొంటాను గానీ, ఒక్క బండితో వద్దన్నారు కాబట్టి ఆలోచనలో పడ్డాను. నాన్నకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించా. నువ్వు పోయి రా, మేం ఇసుక దిబ్బలు చూస్తాం అంటున్నారు. అమ్మ మాత్రం మట్టిరోడ్డు అంటే మన ఊరి రోడ్డే కదా, నేనూ వస్తానంటోంది. అమ్మ కూడా చూడగలిగేలా, ఇలాంటి వింత చోటు ఇంకేదైనా ఉందా?


కడప టు వేగస్:

ఉంది, పైగా నీ దారిలోనే ఉంది. నవంబరు చివరికి సియెర్రా కొండల్ని దాటే టియోగా పాస్ రోడ్డు సాధారణంగా మూసేస్తారు కాబట్టి మీరు బేకర్స్‌ఫీల్డ్, టెహాచపి మీదుగా రిడ్జ్‌క్రెస్ట్‌కి వస్తారు. అక్కణ్ణుంచి తూర్పున 20 మైళ్ళలో ట్రోనా పినకిల్స్. ఒకప్పటి సర్ల్స్ సరస్సు అడుగున నీళ్ళలో కట్టుకున్న సున్నపు శిఖరాలు, అయిదు వందలకి పైగా, పెద్దవి 140 అడుగులు. సరస్సు ఎండిపోయి అవి మిగిలాయి. 178 రోడ్డు దిగాక అయిదు మైళ్ళే మట్టిరోడ్డు, ఎండి ఉంటే మామూలు కార్లు కూడా పోతాయి. అక్కడ కూడా వాష్‌బోర్డ్ ఉంటుంది గానీ పదిహేను మైళ్ళ వేగంతో పోతే అమ్మ నడుముకి ఇబ్బంది ఉండదు, వీపు వెనక దిండు పెట్టు. బండి శిఖరాల మధ్య దాకా పోతుంది, నడక తక్కువ. రెండుకల్లా చేరేలా చూసుకో. కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ కూచుంటే సాయంత్రం ఎండ ఆ శిఖరాలని ఒక్కొక్కటిగా పట్టుకోవడం అందరూ కలిసి చూడొచ్చు. నాకైతే ఆ సాయంత్రం రేస్‌ట్రాక్ తెల్లవారికి తీసిపోదు. వాన పడి ఉంటే మాత్రం ఆ మట్టిరోడ్డు కూడా వద్దు, సరస్సు అడుగు బంకమట్టి అది. రిడ్జ్‌క్రెస్ట్‌లోనే ట్యాంకు నింపుకో, పార్కులో రేటు చాలా ఎక్కువ.

అక్కణ్ణుంచి ట్రోనా, పానమింట్ వ్యాలీ మీదుగా 190 రోడ్డు ఎక్కి స్టవ్‌పైప్ వెల్స్. ఆ రోడ్డు తెరిచి ఉందో లేదో ముందే చూసుకో, వరదలకి మూసిన సందర్భాలున్నాయి. మరుసటి రోజు మెస్కీట్ ఇసుక దిబ్బలు మీ రూముకి పక్కనే, తారు రోడ్డుని ఆనుకునే ఉంటాయి. నాన్నకి ఉత్సాహం ఉంటే మొదటి దిబ్బ ఎక్కుతారు. జాబ్రిస్కీ పాయింట్, బ్యాడ్‌వాటర్ కూడా తారు రోడ్డే.

ఇక నీ ఫొటో. ఆ శుక్రవారం నేనూ నా స్నేహితుడూ రెండు బండ్లతో రేస్‌ట్రాక్ పోతున్నాం. నా బండికి పదిపొరల రేటింగ్ ఉన్న ఆల్ టెర్రైన్ టైర్లు, రెండు పూర్తి స్టెప్నీలు ఉన్నాయి, పక్క సీటు ఖాళీ. నువ్వు కొత్త టైర్లు కొనొద్దు, ఆ డబ్బుతో ఇంకో రాత్రి రూము పొడిగించుకో. నువ్వు లేని ఆ ఒక్క రాత్రి అమ్మానాన్నకి మీ ఆవిడ తోడుంటుందో లేదో కనుక్కో, ఉండేట్టయితేనే రా. శుక్రవారం పదకొండుకి స్టవ్‌పైప్ వెల్స్ బంకు దగ్గర కలుద్దాం. రాత్రి హోమ్‌స్టేక్‌లో పడుకుని, తెల్లవారి ఫొటోలు తీసుకుని, శనివారం మధ్యాహ్నం భోజనానికి నిన్ను రూము దగ్గర దించుతా. స్లీపింగ్ బ్యాగు చలికి ఆగేది తెచ్చుకో, ప్లాయా 3,700 అడుగుల ఎత్తులో ఉంది, తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టొచ్చు. కెమెరా బ్యాటరీలు రాత్రి బ్యాగులోనే నీ దగ్గర పెట్టుకుని పడుకో. పాలపుంత నడిమి భాగం ఆ నెలలో దొరకదు, ఓరియన్ చుక్కల గుంపు బాగా పైకి వస్తుంది, దానికి తగ్గట్టు ఫ్రేము ఆలోచించుకో.

గురువారం రాత్రి పార్కు రోడ్ల నివేదిక నేను చూస్తా, నువ్వూ చూడు. రేస్‌ట్రాక్ రోడ్డు మూసి ఉన్నా, ప్లాయా తడిగా ఉందని రేంజర్ చెప్పినా ప్రయాణం మానుకుంటాం. అప్పుడు శుక్రవారం నేను కూడా మీతో దిబ్బల దగ్గరికే వస్తా. నీ నంబరు ఇక్కడ పెట్టకు, మెసేజ్‌లో పంపు.